మడ్డి మాకొద్దు

అవును, బీరు కాచాను. మా ఇంట్లోనే, మా వంటింట్లోనే, మా అమ్మ సారెలో పెట్టి పంపిన ఆవకాయ జాడీలో. మా జిల్లాలో అప్పటికింకా ప్రొహిబిషన్ ఉంది. మా ఆయన చర్చి వాళ్ళ బడిలో మాష్టారు. ప్రతి ఆదివారం ఆరాధనకి తప్పకుండా వెళ్ళి మూడో వరుసలో కూర్చునేవాళ్ళం. ఇవన్నీ తెలిసే కాచాను. ఇప్పటికీ మా బంధువుల్లో కొందరు ఈ సంగతి ఎత్తగానే గొంతు తగ్గిస్తారు. వాళ్ళ గొంతు వాళ్ళిష్టం. నేను మాత్రం తగ్గించను.

అరవైల నాటి మాట ఇది. మా కాపురం రేపల్లెలో, స్టేషనుకి పది నిమిషాల నడక. పెంకుటిల్లు, ముందు వసారా, వసారా దిగితే వీధి. ఇంట్లో ముగ్గురమే ఉండేవాళ్ళం: మా ఆయన, నేను, మా మావయ్యగారు. అత్తగారు నేను కాపురానికి రాకముందే పోయారు. నాకు నోరెక్కువని మా పుట్టింటివాళ్ళు పెళ్ళిచూపులనాడే చెప్పేశారట. చెప్పి చేసిన పెళ్ళి కాబట్టి ఆ విషయంలో నన్నెవరూ ఏమీ అనడానికి లేదు.

మావయ్య మాటకారి కాదు. యుద్ధం రోజుల్లో ఆయన మిలటరీలో చేసి వచ్చారని ఊరందరికీ తెలుసు. తుపాకీ పట్టలేదని కూడా తెలుసు. ఎక్కడో కొండల మీద ఆఫీసర్ల మెస్సులో బేరర్‌గా చేశారు. తెల్ల యూనిఫాం, తలపాగా, చేతిలో ట్రే. "ఎంతమందిని చంపావేంటి బాబాయ్?" అని ఎవరైనా వెటకారం చేస్తే నవ్వేసి ఊరుకునేవారు. నేను వచ్చిన మూడేళ్ళలో మెస్సు గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

ఒక వానాకాలం ఆయనకి జ్వరం తగిలి నెల్లాళ్ళు మంచం పట్టారు. డాక్టరు గారు బార్లీ జావ పట్టమన్నారు. నేను బార్లీ ఉడికిస్తుంటే, అప్పటిదాకా గోడవైపు తిరిగి పడుకున్న మనిషి లేచి కూర్చున్నారు.

"అమ్మాయ్, ఆ వాసన ఏంటి?"

"బార్లీ మావయ్యా. మీకు జావ కాస్తున్నా."

"తెలుసులే," అని కళ్ళు మూసుకుని ఆ వాసన పీల్చారు. ఆ మధ్యాహ్నం ఆయన మాట్లాడినంత ఆ మూడేళ్ళలో ఎప్పుడూ మాట్లాడలేదు.

యుద్ధం ముదిరాక దొరల సీమ నుంచి బీరు సీసాలు రావడం మానేశాయట. మెస్సు చూసుకునే సార్జంటు దొర పెరట్లోనే బీరు కాయించడం మొదలుపెట్టాడు. చాకిరీ అంతా మావయ్యది, ఇంకో బేరర్‌ది. బార్లీ నానబెట్టడం దగ్గర నుంచి మొలక కట్టి, ఎండబెట్టి, దంచి, కాచి, వడగట్టి పీపాకి ఎత్తేదాకా వీళ్ళిద్దరే. పొంగు అణిగాక చివర్లో దొర వచ్చి ఏదో కలిపేవాడు. రెండు రోజులకి మడ్డంతా అడుక్కి దిగి పైన తేట నిలిచేది. ఆ తేటని గ్లాసుల్లో పోసి మావయ్య హాల్లోకి మోసుకెళ్ళేవారు. గ్లాసు ఎత్తి చూస్తే అవతలున్న దీపం కనపడాలి. కనపడకపోతే తిట్టి వెనక్కి పంపేవాళ్ళు.

"మరి మీకో?" అన్నాను.

"మాకా? పీపా అడుగున మిగిలింది మాకు. మగ్గులో మడ్డి పోసి తాగండ్రా అనేవాడు దొర. మిగతావాళ్ళు తాగేవాళ్ళు. నేను ఒక్కసారి తాగాను, మళ్ళీ ముట్టుకోలేదు."

"బాగోలేదా?"

"బాగోకపోవడం కాదమ్మా. కాచింది నేను. మోసింది నేను. మడ్డి నాకేంటి? ఒకసారి నోరు తెరిచి తేట ఒక్క గుక్క ఇమ్మని అడిగాను. అది నీకు తగదు అన్నాడు."

ఆ మాటకి నా ఒళ్ళు మండిపోయింది. ఇరవయ్యేళ్ళ కిందట ఓడెక్కి పోయిన దొర మీద ఇప్పుడు నాకు మండితే వాడికేం నష్టం! అయినా మండింది. అప్పుడు మావయ్య, నా ముఖంలోకి చూడకుండా, అడిగారు.

"ఒక్క గ్లాసు తేటది తాగాలని ఉందమ్మా. పగటిపూట, వసారాలో కుర్చీ వేసుకుని, కూర్చుని." అడిగి వెంటనే సిగ్గుపడ్డారు. "జ్వరం మాట్లాడిస్తోందిలే, పట్టించుకోకు," అన్నారు.

జ్వరం కాదని నాకు తెలుసు. గుండె బలహీనపడిందనీ, ఇంక ఎన్నాళ్ళో చెప్పలేమనీ డాక్టరు గారు మా ఆయనతో అంటుంటే తలుపు చాటున విన్నాను. "కాద్దాం మావయ్యా," అన్నాను.

మా ఆయన ఈ సంగతి వినగానే నుదురు పట్టుకున్నారు. "నీకేమన్నా మతి పోయిందా? బడి కమిటీకి తెలిస్తే నా ఉద్యోగం ఏమవుతుంది?" అన్నారు.

"మీరు బడికెళ్ళండి. వంటిల్లు నాది," అన్నాను.

అనడం తేలికే, చెయ్యడమే తెలియదు. రేపల్లె కొట్లో దొరికే బార్లీకి పొట్టు తీసేసి ఉంటుంది, ఎన్ని రోజులు నానబెట్టినా మొలకెత్తలేదు. పులిసి కంపు కొట్టింది. చివరికి చంటిపిల్లల జావకి చేసినట్టు రాగులు మొలక కట్టాను, దంచిన బార్లీ దానికి తోడు వేశాను. చేదుకి దొర ఏదో ఎండుపువ్వు వేసేవాడట, అది మనకెక్కడిది? నేలవేము వేశాను. పొంగడానికి ఈస్టు కావాలంటే తెనాలి వెళ్ళి, రొట్టెలు కాల్చే అతన్ని బతిమాలి, కాగితం పొట్లంలో తెచ్చుకున్నాను. ఎందుకమ్మా అని అడిగితే రొట్టెలకే అన్నాను. ఈ మొత్తం వ్యవహారంలో నేనాడిన అబద్ధం అదొక్కటే. ఆవకాయ జాడీని ఎన్నిసార్లు తోమినా ఆవఘాటు వదల్లేదు. వేడినీళ్ళతో, బూడిదతో, చింతపండుతో తోమి తోమి నా చేతులు మండాయి గానీ చివరికి నేనే గెలిచాను.

మావయ్య మంచం మీద నుంచే నాకు పని చెప్పేవారు. "ఇప్పుడు గుడ్డ కట్టు. ఇప్పుడు కదపకు. పొంగు చూశావా? అదీ!" నెల్లాళ్ళ తర్వాత ఆయన మొదటిసారి లేచి నడిచింది ఆ జాడీ దాకానే. పది రోజులకి పొంగు అణిగింది. గ్లాసులో పోసి ఇచ్చాను. ఆయన గ్లాసు కిటికీకి ఎదురుగా పట్టుకుని, అటూ ఇటూ వంచి చూసి, కింద పెట్టేశారు.

"మడ్డమ్మా ఇది."

"రుచి చూడండి మావయ్యా, ఒక్క గుక్క."

"చూడను."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. నిజం చెప్పాలంటే అది కుడితిలాగే ఉంది. ఎన్నాళ్ళు కదపకుండా ఉంచినా తేరలేదు. దొర చివర్లో కలిపేది ఏంటని అడిగాను. అది మాత్రం మావయ్యకి తెలియదు. దొర దాన్ని ఒక డబ్బాలో పెట్టి తాళం వేసుకునేవాడు. తెల్లగా, పలచగా, కాగితం ముక్కల్లా ఉండేదట. తక్కిన పనులన్నీ వీళ్ళ చేత చేయించి, మడ్డిని విరిచే గుట్టు మాత్రం తన జేబులో పెట్టుకున్నాడన్నమాట. ఎంత తెలివి!

సరే, దొర గుట్టు నాకెందుకు అనుకున్నాను. కాలవ నీళ్ళు తాగి బతికేవాళ్ళం మనం. వానాకాలంలో బిందె నిండా ఎర్రనీళ్ళొస్తే ఏం చేస్తాం? పటికముక్క నాలుగు తిప్పులు తిప్పి వదిలేస్తాం. గంటలో బిందె అడుగు కనపడుతుంది. మా ఇళ్ళల్లో పుట్టిన ఏ ఆడపిల్లకైనా చేతనైన పని అది. నీళ్ళని తేర్చే పటిక బీరుని తేర్చదా? నిమ్మకాయంత ముక్క తీసుకుని జాడీలో బాగా తిప్పాను. బిందెకి చాలింది జాడీకి చాలదేమోనని ఇంకో ముక్క కూడా వేశాను.

మర్నాటికి తేరింది! వంటింట్లో ఒక్కదాన్నే గంతులేశాను. మావయ్య గ్లాసు కిటికీకి పట్టి చూసి, "ఆహా" అన్నారు. నోట్లో పోసుకున్నారు. మరుక్షణం ఆయన మూతి ముడుచుకుపోయింది, కళ్ళు మూసుకుపోయాయి, తడబడుతూ పెరటి గుమ్మం దాకా పోయి ఊసి వచ్చారు. మూడు చెంబుల నీళ్ళతో పుక్కిలించాక గానీ మాట రాలేదు.

"అమ్మాయ్, ఇది తాగేది కాదు. గడ్డం గీసుకున్నాక రాసుకునేది," అన్నారు.

ఆయన నవ్వారు. జ్వరం వచ్చాక నవ్వడం అదే మొదలు. నేనూ పడీ పడీ నవ్వాను. నవ్వుతూనే జాడీ మొత్తం తెచ్చి వీధి కాలవలో గుమ్మరించాను. అక్కడ బుద్ధి లేకుండా చేశాను. పులిసిన వాసన ఆ చివరి నుంచి ఈ చివరిదాకా వీధంతా కమ్మేసింది.

సాయంత్రానికల్లా సంఘపెద్ద మా గుమ్మంలో ఉన్నారు. రిటైరైన హెడ్మాష్టరు, బడి కమిటీలో ఆయన మాటే మాట. ఊరంతా మాష్టారు అనే పిలిచేవారు. తెల్లపంచె, కళ్ళజోడు, చేతిలో గొడుగు. ఆయన అరవలేదు. అరిచి ఉంటే నాకు తేలికయ్యేది.

"అమ్మాయీ, మీ తాతలు కల్లు మానేశారు కాబట్టి మీ నాన్నల చేతికి పలకొచ్చింది. మనం ఎప్పుడు కాలు జారతామా అని ఊరంతా కాచుక్కూర్చుంది. ఈ ఇంట్లో సారా కాస్తున్నారన్న మాట ఒక్కటి బయటికి పొక్కితే, అది నీ ఇంటితో ఆగుతుందా చెప్పు?"

"సారా కాదండి, బీరండి."

"ఏదైనా ఒకటే. ఇంకోసారి ఆ వాసన వచ్చిందంటే కమిటీలో పెట్టక తప్పదు. మీ ఆయన బతుకుతెరువు నీ చేతుల్లో ఉంది, చూసుకో."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. నాకు అదే మరీ మంట. బాపట్లలో మా నాన్న కూడా అలా చదువుకున్నవాడే. "మాష్టారూ, మా తాత కల్లు మానింది తలెత్తుకుని బతకడానికండి. ఇంకొకళ్ళ దగ్గర మళ్ళీ తల దించుకోడానికి కాదండి," అన్నాను. ఆయన గొడుగు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

మా ఆయన అన్నం ముట్టలేదు. "ఇంక ఆపెయ్యవే, నీకు దణ్ణం పెడతాను," అన్నారు. ఆ మాట పక్కగదిలోకి వినపడింది. మావయ్య గోడ పట్టుకుని నడిచి వచ్చారు. "ఆపెయ్యమ్మా. నా పిచ్చికి వాడి బతుకు పాడుచెయ్యకు. నాకేం వద్దు," అన్నారు.

'నాకేం వద్దు'! జీవితమంతా ఆ మనిషి చేత అందరూ అనిపించిన మాటే అది. "మీరు వద్దంటున్నారు కాబట్టే ఆపను," అని చెప్పి పళ్ళాలు తీశాను. మొండిదాన్ని అన్నారు మా ఆయన. అప్పుడు కాదనలేదు, ఇప్పుడూ కాదనను.

ఈసారి వాసన బయటికి పోకుండా జాడీ మూతికి పిండి పూసి బిగించాను. పిల్లనగ్రోవిలా ఒక బొప్పాయి కాడ గుచ్చి, దాని రెండో కొస నీళ్ళ చెంబులో ముంచాను. తేర్చడానికి మా నాయనమ్మ పద్ధతిలో చిల్లగింజ అరగదీసి కలిపాను. బురదనీళ్ళకి అది పటిక కన్నా మంచిదనేవాళ్ళు. కొంచెం తేరింది గానీ అవతలి దీపం అలుక్కుపోయినట్టే కనపడింది. ఇంకో చిన్న కుండెడు విడిగా తీసి, కోడిగుడ్డు తెల్లసొన గిలక్కొట్టి పోశాను. నీచు వాసన పట్టుకుంది. మావయ్య రెండిటినీ చూసి, నన్ను నొప్పించకూడదని, "నయమేనమ్మా" అన్నారు. గ్లాసు మాత్రం ముట్టుకోలేదు.

నీచు వాసన అనగానే నాకు తట్టింది. ఇన్నాళ్ళూ ఆ కాగితం ముక్కలు ఎలా ఉండేవని అడిగాను గానీ, ఏ వాసన వేసేవని అడగలేదు. అడిగాను.

మావయ్య చాలాసేపు ఆలోచించారు. "పొడిగా ఉన్నప్పుడు ఏ వాసనా లేదు. నానేస్తే మాత్రం ఉప్పుచేపల బజారులా ఉండేదమ్మా. వెనిగర్లో నానేసేవాడు. రెండు మూడు రోజులకి పొంగి జిగురయ్యేది," అన్నారు.

చేప! కాగితం ముక్కలేంటి, అది చేపదే! బాపట్లలో పుట్టిపెరిగిన నాకు చేప గుట్టు ఎవడు దాచగలడు? మర్నాడే బండెక్కి, తెనాలిలో మారి, మధ్యాహ్నానికి పుట్టింట్లో దిగాను. మా అమ్మ వాళ్ళింటికి రామాపురం నుంచి గంపతో చేపలు తెచ్చే ఒకావిడ ఉండేది. నన్ను చిన్నప్పటి నుంచీ ఎరిగిన మనిషి. మర్నాడు పొద్దున్నే ఆమె రాగానే గంప దించకముందే అడిగాను.

"పిన్నీ, చేపలో తెల్లగా ఎండి కాగితంలా అయ్యేది ఏముంటుంది?"

"గాలితిత్తి," అంది ఆమె ఠక్కున. "చేపని నీళ్ళలో తేల్చేది అదే. పండుగప్పది పెద్దది వస్తుంది. మేం ఎండేసి ఉంచుతాం, ఎవరో వచ్చి కొనుక్కుపోతారు. ఓడల మీద పోతుందంట. తిత్తి నీకెందుకే?"

"మా మావయ్యకి."

"కోడలంటే నువ్వేనమ్మా! ముసలాయనకి చేప కూర కాకుండా తిత్తి పెడతావా?" అని గంప ముందు కూలబడి నవ్వింది. అయినా మర్నాడు గుప్పెడు తెచ్చింది. మా సముద్రంలో మా వాళ్ళు పట్టిన చేపలోదాన్నే ఓడెక్కించి, డబ్బాలో పెట్టి, తాళం వేసి మా దగ్గర దాచారన్నమాట. ఆ కోపం నాకు బాపట్ల నుంచి తెనాలి దాకా తగ్గలేదు.

మొదట మన అలవాటు ప్రకారం ఉడకబెట్టాను. జిగురైతే అయింది గానీ, కలిపితే మడ్డి కదల్లేదు. వేడి తగలకూడదేమోనని మావయ్యే అన్నారు. దొర దాన్ని పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళడం ఆయన ఎప్పుడూ చూడలేదట. రెండోసారి ముక్కలు సన్నగా కత్తిరించి, చల్లటి నీళ్ళలో నిమ్మరసం పిండి నానేశాను. మూడు రోజులకి పొంగి, కలిపితే కలిసిపోయే జిగురైంది. పలచటి గుడ్డలో వడగట్టి, కొత్తగా కాచిన జాడీలో పోసి, మెల్లగా ఒక్కసారి తిప్పి మూత పెట్టాను. రెండు రోజులు ఆ జాడీ పక్కన గట్టిగా అడుగు కూడా వెయ్యనివ్వలేదు.

శనివారం మూత తీసి, గరిటెతో పైపైన తీసి గ్లాసులో పోశాను. గ్లాసు వెనక నా వేళ్ళు కనపడ్డాయి. గోరు మీద ఉన్న మచ్చ కూడా కనపడింది. పొయ్యి దగ్గర కూలబడి ఏడ్చాను. గెలిచానని ఏడ్చాను, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

తర్వాత జరిగింది ముందే చెప్పేస్తాను. మా ఆయన ఉద్యోగం పోలేదు. ఒక మెమో ఇచ్చి, ఆర్నెల్లకి తెనాలి అవతల పల్లెలో బడికి మార్చారు. కాపురం తెనాలికి మార్చాం. మావయ్య ఆ ఇంటికి రాలేదు, అప్పటికే పోయారు. ఇదంతా ముందే తెలిసినా ఆ ఆదివారం నేను చేసింది చేసేదాన్నే.

ఆదివారం ఆరాధన నుంచి రాగానే వసారాలో కుర్చీ వేశాను. వీధిలో జనం చర్చి నుంచి ఇళ్ళకి పోతున్నారు. మావయ్య ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చి కూర్చున్నారు. నేను గ్లాసు పళ్ళెంలో పెట్టుకుని వస్తుంటే, "రెండు చేతులా పట్టుకో, గ్లాసుకేసి చూడకు, ఎదురుగా చూసి నడువు," అన్నారు. పనిమంతుడు కదా.

ఆయన గ్లాసు అందుకునేసరికి మాష్టారు మా గుమ్మం ముందు ఆగిపోయారు. వెనక నలుగురైదుగురు కూడా ఆగారు.

"ఏంటయ్యా ఇది? నడివీధిలో? ఆదివారం పూట?"

మాష్టారు వస్తే మావయ్య లేచి నిలబడని రోజు లేదు. ఆవేళ లేవలేదు. "రండి మాష్టారూ, కూర్చోండి," అన్నారు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ముఖం పాలిపోయి ఉంది. లోపలికెళ్ళి ఇంకో కుర్చీ తెచ్చి వాళ్ళ నాన్న పక్కన వేశారు. "కూర్చోండి మాష్టారూ," అని తనూ అన్నారు. పెళ్ళయ్యాక ఆయన మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

మాష్టారు కూర్చోలేదు, వెళ్ళనూ లేదు. మావయ్య గ్లాసుని ఎండకెత్తి పట్టుకున్నారు. దాని వెనక మాష్టారి కళ్ళజోడు స్పష్టంగా కనపడింది. ఒక గుక్క తాగారు. ఆగారు. ఇంకో గుక్క తాగారు. తొందరేం పడలేదు. చుక్క మిగలకుండా తాగి, గ్లాసు పళ్ళెంలో పెట్టి, తుండుతో మూతి తుడుచుకున్నారు.

"నచ్చలేదమ్మా," అన్నారు.

"ఏంటి మావయ్యా? ఏం తప్పు చేశాను?"

"తప్పేం లేదు. అచ్చం మెస్సులో ఉన్నట్టే చేశావు. నాకే నచ్చలేదు. చేదు. ఇంక కాయకు."

మాష్టారు కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. ఆయన గొంతులో కోపం కన్నా అయోమయమే ఎక్కువుంది. "నచ్చనిదానికి ఇంత రభస దేనికయ్యా? నేను మొదట్లోనే వద్దన్నానుగా?"

"మీరు వద్దన్నారండి," అన్నారు మావయ్య. "దొర తగదన్నాడండి. నచ్చలేదని నేను అనొద్దాండి?"